చెక్క కిట్‌తో రిమోట్ లైఫ్‌బోట్: ఈ ప్రాజెక్టుకి మార్కులు వేసేది నీళ్లే



సెలవుల తర్వాత స్కూల్ తెరిచే రోజున సైన్స్ టీచర్ల టేబుళ్ల మీద థర్మాకోల్ అగ్నిపర్వతాలు, సౌరకుటుంబాలు వరసగా వచ్చి కూర్చుంటాయి. అందులో పిల్లలు చేసినవి ఏవో, అమ్మానాన్నలు రాత్రి పన్నెండింటిదాకా మేలుకుని చేసినవి ఏవో, స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా కొన్నవి ఏవో చూడగానే తెలిసిపోతుంది. అయినా అన్నిటికీ మార్కులు వేస్తాం. ఎందుకంటే అగ్నిపర్వతం ఎవరు చేసినా టేబుల్ మీద అలాగే నిలబడుతుంది.

ఈ నెల అలా నిలబడని ప్రాజెక్టు ఒకటి మీ ముందు పెడుతున్నాను. చెక్క కిట్‌తో లైఫ్‌బోట్ మోడల్ కట్టడం, దానికి మోటారు, రిమోట్ బిగించి నీళ్లలో నడపడం. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకి సరిపోతుంది. ఆదివారాల్లో రెండేసి గంటలు కూర్చుంటే నాలుగైదు నెలల పని. దీన్ని ఎవరు ఎలా కట్టారో నీళ్లు చెప్పేస్తాయి. ఒక పక్కకి ఒరిగితే ఒరుగుతుంది, కారితే కారుతుంది. టీచర్‌కి నచ్చజెప్పినట్టు నీళ్లకి నచ్చజెప్పలేం.

లైఫ్‌బోటే ఎందుకు?

రేసింగ్ బోటు కిట్లు కూడా దొరుకుతాయి, పిల్లలు ముందు వాటి వైపే చూస్తారు. నేను లైఫ్‌బోట్ అనడానికి కారణం దాని వెనకున్న ప్రశ్న. తుఫానులో మిగతా ఓడలన్నీ రేవుకి వచ్చేస్తుంటే ఈ పడవ ఎదురు వెళ్లాలి. అల తిరగేస్తే ఏం చేయాలి?

1789లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, టైన్ నది సముద్రంలో కలిసే చోట, అడ్వెంచర్ అనే ఓడ తుఫానుకి ఇరుక్కుపోయింది. ఒడ్డున జనం చూస్తూనే ఉన్నారు. వెళ్లి కాపాడగలిగే పడవ మాత్రం లేదు. ఆ తర్వాత అక్కడి పెద్దలు, ఎలాంటి అలల్నైనా తట్టుకునే పడవకి నమూనా ఇవ్వమని పోటీ పెట్టారు. విలియం వుడ్‌హేవ్ అనే ఆయన రేకుతో చిన్న మోడల్ చేసి తెచ్చాడు. తిరగేసి నీళ్లలో పెడితే అదంతట అదే లేచి నిలబడే మోడల్ అది. బావి దగ్గర ఒకామె నీళ్లలో వేసిన వంపు తిరిగిన చెక్క గిన్నె ముక్క, ఎలా వేసినా మళ్లీ తిన్నగా తిరగడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. పోటీ బహుమతి రెండు గినీలు. ఆయనకి ఒక గినీ ఇచ్చి పంపారు. హెన్రీ గ్రేట్‌హెడ్ కట్టిన మొదటి లైఫ్‌బోట్‌కి ఆ లేచి నిలబడే గుణం లేదు.

ఆ గుణం వాడకంలోకి రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. 1851లో నార్తంబర్లాండ్ డ్యూక్ వంద గినీల బహుమతి ప్రకటిస్తే 280 ఎంట్రీలు వచ్చాయి. జేమ్స్ బీచింగ్ డిజైన్ గెలిచింది. తిరగబడినా తనంతట తాను లేచే పడవ అది. ఈలోగా 1824లో లైఫ్‌బోట్ల కోసం ఒక సంస్థ ఏర్పడింది. ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే ఆ సంస్థ ఇప్పటికీ ప్రజల విరాళాలతో నడుస్తోంది. సిబ్బందిలో ఎక్కువ మంది వాలంటీర్లే. ఇప్పటిదాకా 1 లక్షా 40 వేలకు పైగా ప్రాణాలు కాపాడారు.

పిల్లలు బోటు కట్టడం మొదలుపెట్టే ముందు వాళ్లకి ఈ కథ చెప్పండి. ముఖ్యంగా వుడ్‌హేవ్ తెచ్చింది కూడా ఒక మోడలే అన్న సంగతి. మోడల్ అంటే షోకేసులో పెట్టే బొమ్మ అని మనకో అభిప్రాయం ఉంది. ఆయన మోడల్ ఒక ప్రశ్నకి జవాబు.

పెట్టెలో ఉండేవి, ఉండనివి

కిట్ అంటే ఏమిటో ముందు చెప్తాను. లేజర్‌తో కోసిన ప్లైవుడ్ ముక్కలు, సన్నని చెక్క పట్టీలు, పెద్ద సైజు డ్రాయింగ్, ఒక ఇన్‌స్ట్రక్షన్ బుక్, కొన్నిటిలో చిన్న చిన్న ఫిటింగులు. మంచి కిట్లు చాలావరకు బయటి దేశాలవే, కాబట్టి ధర మీద కొరియర్, కస్టమ్స్ పడతాయి. మోటారు, స్పీడ్ కంట్రోలర్, చుక్కాని తిప్పే సర్వో, రిసీవర్, రిమోట్, బ్యాటరీ, ఛార్జర్, పెయింట్లు చాలా కిట్లలో ఉండవు. ఫీజు కట్టాక పుస్తకాలు, యూనిఫామ్ వేరే అన్నట్టే ఇదీనూ. కొనేముందు పెట్టె మీద ఏం రాసుందో పిల్లల చేతే చదివించండి. అంత ఖర్చు వద్దనుకుంటే డ్రాయింగ్ ఒకటి సంపాదించి, హాబీ షాపులో బాల్సా, సన్న ప్లైవుడ్ కొని కోసుకోవచ్చు. అప్పుడు పని రెట్టింపు.

ఇన్‌స్ట్రక్షన్ బుక్ గురించి ఒక మాట. మన పిల్లలు ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు బట్టీ పట్టగలరు. కానీ చదివింది చదివినట్టు చేతులతో చేయమంటే ఆగిపోతారు. బో అంటే పడవ ముందు భాగం, స్టెర్న్ అంటే వెనక భాగం, ముందుకి చూస్తూ నిలబడితే పోర్ట్ ఎడమ, స్టార్‌బోర్డ్ కుడి. ఈ మాటలు తప్పుగా అర్థం చేసుకుంటే చుక్కాని సర్వో తప్పు వైపు అతుక్కుంటుంది. రీడింగ్ కాంప్రహెన్షన్‌కి ఇంతకంటే మంచి ప్రాక్టీసు నాకు తెలీదు.

కట్టడం

చెక్క పడవని చిన్నదైనా పెద్దదైనా ఒకే క్రమంలో కడతారు. ముందు కీల్, అంటే ముందు నుంచి వెనక దాకా వెళ్లే వెన్నెముక. దాని మీద అడ్డంగా పక్కటెముకల్లాంటి ఫ్రేములు. వాటి మీద చర్మంలా చెక్క పట్టీలు. కాకినాడ వైపు తాళ్లరేవులో చెక్క పడవలు కట్టడం చూసినవాళ్లకి ఈ వరస తెలిసే ఉంటుంది.

మోడల్‌ని మామూలుగా బోర్లా పెట్టి కడతారు, కాబట్టి కింద పలక చదునుగా ఉండాలి. ఆ పలకని వంటింట్లో గ్రానైట్ గట్టు మీద పెట్టి నాలుగు మూలలా నొక్కి చూడండి. ఊగితే అది పనికిరాదు. పలక వంకరైతే కీల్ వంకర, కీల్ వంకరైతే బోటు జీవితాంతం ఒక పక్కకే పోతుంది. ఫ్రేములు నిలబెట్టాక జిగురు పెట్టకముందే మధ్యలో దారం లాగి అన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడాలి.

పట్టీలు అతికించడంలో పిల్లలు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎడమ పక్క ఒక పట్టీ అతికిస్తే వెంటనే కుడి పక్క దానికి జోడీ అతికించాలి. ఒక పక్క మొత్తం పూర్తిచేసి రెండో పక్కకి వెళ్తే, వంచిన చెక్క తన వైపు లాగి పడవనంతా మెలితిప్పుతుంది. ముందు భాగం దగ్గర వంపు ఎక్కువ కాబట్టి పట్టీలని అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెల్లగా వంచి, ఆరేదాకా క్లిప్పులతో పట్టి ఉంచాలి. బట్టలారేసే క్లిప్పులు చాలు.

జిగురు నీళ్లకి తట్టుకునేదే కావాలి. మామూలు తెల్ల ఫెవికాల్ తడి తగిలితే మెత్తబడుతుంది. ఫెవికాల్ మెరైన్ లాంటిది తీసుకోండి. మోటారు షాఫ్ట్ వెళ్లే గొట్టం దగ్గర అరాల్డైట్ లాంటి ఎపాక్సీ వాడాలి. ఫెవిక్విక్ చిన్న ముక్కలకే, అదీ మీరు పక్కన ఉన్నప్పుడే. క్షణంలో వేళ్లు అతుక్కుంటాయి. సాండ్‌పేపర్ పట్టేటప్పుడు మాస్క్, ఎపాక్సీ కలిపేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. బాడీ పూర్తయ్యాక లోపలా బయటా ఎపాక్సీ పూత వేయకపోతే చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతుంది.

ఇక రంగులు. ఆర్‌ఎన్‌ఎల్‌ఐ బోట్లకి బాడీ ముదురు నీలం, నీటి కింది భాగం ఎరుపు, పైన క్యాబిన్ నారింజ. దూరం నుంచి సముద్రంలో కనపడాలి కదా. పిల్లలు ఇష్టమైన రంగు వేస్తామంటే వేయనివ్వండి. అది వాళ్ల బోటు.

అన్నిటికంటే కష్టమైన పని మీదే: చూస్తూ ఊరుకోవడం. ముక్క సరిగ్గా కూర్చోకపోతే చేతిలోంచి తీసుకుని మీరు అతికించేయకండి. "కొలిచావా?" అని మాత్రం అడగండి. మళ్లీ కొలుస్తారు. కటర్ వాడేటప్పుడు మాత్రం పక్కనే కూర్చోండి.

బరువు లెక్క

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. 1958లో ఓక్లీ క్లాస్ అని 37 అడుగుల చెక్క లైఫ్‌బోట్ ఒకటి వచ్చింది. దాని మోడల్‌ని 1:16 స్కేల్‌లో కడుతున్నాం అనుకుందాం. 37 అడుగులంటే 11.28 మీటర్లు. పదహారుతో భాగిస్తే మోడల్ పొడవు సుమారు 70 సెంటీమీటర్లు. ఇంతవరకు పిల్లలు టకటకా చెప్తారు.

ఇప్పుడు బరువు అడగండి. అసలు బోటు 12 టన్నులు అనుకుంటే మోడల్ బరువెంత ఉండాలి? చాలామంది 12 టన్నుల్ని కూడా పదహారుతో భాగించి 750 కిలోలంటారు. చేతిలో ఎత్తగలిగే బొమ్మ 750 కిలోలా అని వాళ్లే నవ్వుకుంటారు. పొడవు పదహారు రెట్లు తగ్గింది, వెడల్పు పదహారు రెట్లు తగ్గింది, ఎత్తూ అంతే. కాబట్టి 16 × 16 × 16, అంటే 4096తో భాగించాలి. వస్తుంది 2.9 కిలోలు. ఘనపరిమాణం పాఠంలో ఈ లెక్క చేసినప్పుడు అది ఒక లెక్క. ఇక్కడ తప్పితే బోటు నీటి మీద మరీ పైకి తేలి ఊగుతుంది, లేకపోతే డెక్ దాకా మునుగుతుంది.

వేగానికి ఇంకో లెక్క. అక్కడ పదహారు కాదు, పదహారుకి వర్గమూలం, అంటే నాలుగుతో భాగిస్తారు. ఓక్లీ వేగం సుమారు 8 నాట్లు. మోడల్‌కి 2 నాట్లు చాలు, అంటే సెకనుకి ఒక మీటరు. మనం ఒడ్డున నడిచే వేగం కంటే కాస్త తక్కువే. అలా వెళ్తేనే అలలు అసలు బోటు చుట్టూ లేచినట్టు లేస్తాయి. మోటారు బలంగా ఉందని దౌడు తీయిస్తే లైఫ్‌బోట్‌లా కనిపించదు.

చెక్క, మోటారు, బ్యాటరీ అన్నీ కలిపి 1.8 కిలోలు తూగిందనుకోండి. మిగతా 1.1 కిలోలు ఎక్కడ పెట్టాలి? దీన్నే బ్యాలస్ట్ అంటారు. సీసం వద్దు, అది పిల్లల చేతికి మంచిది కాదు. హార్డ్‌వేర్ షాపులో ఇనుప నట్లు, వాషర్లు తెచ్చి జిప్ కవర్లలో వేసి అడుగున పెట్టండి. పిల్లలు ఆడుకునే గాలి నింపే స్విమ్మింగ్ పూల్‌లో బోటుని తేలేయండి. బాడీ మీద గీసుకున్న నీటి గీత అన్ని వైపులా నీటి మట్టంతో కలిసేదాకా కవర్లని ముందుకీ వెనక్కీ జరపాలి. తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌లో ఆర్కిమెడిస్ సూత్రం అంటే ఇదే. బోటు పక్కకి తోసిన నీళ్ల బరువు, బోటు బరువు సమానం. 2.9 కిలోల బోటు 2.9 లీటర్ల నీళ్లని తోస్తుంది. పిల్లల చేతే ఇంట్లో తూకం వేయించండి.

తిరగేసే పరీక్ష

ఎలక్ట్రానిక్స్ బిగించకముందే ఈ పరీక్ష చేయాలి. మోటారు, బ్యాటరీ ఉండాల్సిన చోట అంతే బరువున్న నట్ల కవర్లు కట్టండి, మూతల చుట్టూ టేప్ వేయండి, బోటుని పూల్‌లో పూర్తిగా తలకిందులు చేసి వదిలేయండి.

లేచి నిలబడితే ఇంట్లో కేకలే. ఎందుకు లేస్తుందో మాత్రం పిల్లలే చెప్పాలి. ఎటు తోసినా లేచి కూర్చునే తంజావూరు బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. అడుగు బరువు, పైన తేలిక. బోటు తిరగబడినప్పుడు గాలి నిండిన క్యాబిన్ నీళ్ల కింద ఇరుక్కుని పైకి తోస్తుంటుంది. బరువైన కీల్ ఎక్కడో పైన ఉంటుంది. అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ, మనం తెలుగులో చదువుకున్న గరిమనాభి, పైకి వెళ్లిపోయింది. తల మీద బిందె పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డట్టు. కొంచెం కదిలినా పడిపోవాల్సిందే, పడితే తిన్నగా తిరిగినట్టే.

లేవకపోతే ఇంకా మంచిది, నిజమైన పాఠం అప్పుడే. క్యాబిన్ కారుతోందా? గాలి పోయి నీళ్లు నిండితే పైకి తోసేదేం ఉంది? బ్యాలస్ట్ కదులుతోందా? తిరగేయగానే నట్ల కవరు జారి డెక్ మీద పడితే బరువు మళ్లీ కిందే ఉన్నట్టు, బోటుకి లేవాల్సిన అవసరమే లేదు. అందుకే బ్యాలస్ట్‌ని గట్టిగా అతికించాలి, బ్యాటరీని వెల్‌క్రోతో బిగించాలి. క్యాబిన్ కప్పు మందపాటి ప్లైవుడ్‌తో చేసి దాని మీద మూడు కోట్లు పెయింటు వేశారా? పైబరువు పెరిగింది.

ఓక్లీ బోటు మాత్రం ఈ కదిలే బరువునే తెలివిగా వాడుకుంది. దాని అడుగున ట్యాంకులో టన్నున్నర దాకా నీళ్లుండేవి. బోటు తిరగబడితే ఆ నీళ్లు ఒక పక్కనున్న ఇంకో ట్యాంకులోకి పారేవి. ఒక పక్క బరువెక్కిన బోటు ఇంక తలకిందులుగా ఉండలేదు, దొర్లి లేచేది. అదే కదిలే బరువు ఒకచోట ముంచుతుంది, ఇంకోచోట లేపుతుంది. ఏ దారిలో కదలాలో డిజైనర్ నిర్ణయించాడు.

ఒకవేళ మీ కిట్ వాట్సన్ క్లాస్ బోటుదైతే, అన్నీ సరిగ్గా చేసినా అది తలకిందులుగానే ఉండిపోవచ్చు. అది మీ బాబు తప్పూ కాదు, పాప తప్పూ కాదు. అసలు బోటుకీ ఆ గుణం లేదు. వెడల్పాటి డెక్, చిన్న క్యాబిన్. బోర్లా పడితే తెప్పలా స్థిరంగా ఉండిపోతుంది. 1970 జనవరిలో స్కాట్లండ్‌లోని ఫ్రేజర్‌బరో నుంచి వెళ్లిన డచెస్ ఆఫ్ కెంట్ వాట్సన్ బోటే. తిరగబడింది. ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. అంతకు ముందు ఏడాది లాంగ్‌హోప్‌లో ఎనిమిది మంది పోయారు. ఆ తర్వాతే లైఫ్‌బోట్లన్నీ తమంతట తాము లేచేవిగా ఉండాలని ఆర్‌ఎన్‌ఎల్‌ఐ గట్టిగా పట్టుబట్టింది. పాత బోట్లకి క్యాబిన్ పైన గాలి సంచులు అమర్చారు. తిరగబడగానే అవి ఉబ్బి బోటుని లేపుతాయి. మీ పిల్లలు కూడా తమ వాట్సన్ మోడల్ మీద ఒక బెలూన్ కట్టి మళ్లీ తిరగేసి చూడొచ్చు.

"మేడమ్, దీనివల్ల మార్కులు పెరుగుతాయా?" అని పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతారని తెలుసు. నేరుగా పెరగవు. ఫౌండేషన్ క్లాసు మానేసి ఇది చేయమని నేను అనను కూడా. కానీ సెంటర్ ఆఫ్ గ్రావిటీ మీద మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్న వచ్చినప్పుడు, ఒకరికి ఫార్ములా గుర్తొస్తుంది, ఇంకొకరికి పూల్‌లో తలకిందులైన బోటు గుర్తొస్తుంది. ఎవరు ధైర్యంగా జవాబు పెడతారో మీరే ఆలోచించండి.

చెరువు దగ్గర

రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌దే తీసుకోండి. మొదటి బోటుకి నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ మేలు. లిథియం పాలిమర్ తేలికే కానీ ఛార్జింగ్‌లో తేడా వస్తే మండుతుంది. ఏదైనా సరే పెద్దవాళ్లు ఇంట్లో లేనప్పుడు ఛార్జింగ్ పెట్టొద్దు. ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత బోటు. ఆపేటప్పుడు ముందు బోటు, తర్వాత రిమోట్. సిగ్నల్ పోతే మోటారు దానంతట అదే ఆగేలా ఫెయిల్‌సేఫ్ సెట్ చేసి, ఒడ్డునే రిమోట్ ఆఫ్ చేసి ఒకసారి చూసుకోండి.

మన చెరువుల్లో గుర్రపుడెక్క, పాలిథీన్ కవర్లు ఎక్కువ. ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే మోటారు తిరగలేక కరెంటు విపరీతంగా లాగి కాలిపోతుంది. ఒక ఫ్యూజ్ వేస్తే మోటారు మిగులుతుంది. అలాంటివేవీ లేని, ఒడ్డు పల్లంగా ఉండే నీళ్లు వెతకండి. అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌కి అనుమతి దొరికితే అంతకంటే సుఖం లేదు.

బోటు నీళ్ల మధ్యలో ఆగిపోయే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు ఎవ్వరూ నీళ్లలోకి దిగకూడదు. ఈత వచ్చినా సరే, నడుము లోతే అనిపించినా సరే. చెరువుల్లో మట్టి తీసిన గుంతలు పైకి కనపడవు. ప్రతి వేసవిలో మన పేపర్లలో వచ్చే వార్తలు మీకు తెలుసు. ఈ మాట మొదటి పట్టీ అతికించకముందే పిల్లలకి చెప్పి ఒప్పించండి. బోటు పోతే పోయింది. తిరిగి తెచ్చుకోవడానికి మోడలర్లు వాడే పద్ధతి ఒకటుంది. టెన్నిస్ బంతికి చేపల వల దారం పొడవుగా కట్టి, బోటు అవతల పడేలా విసిరి, దారాన్ని బోటు మీదకి తెచ్చి మెల్లగా లాగాలి. దీన్ని ముందే ఇంటి ముందు నేల మీద ప్రాక్టీసు చేయించండి. బంతి, దారం లేకుండా చెరువుకి వెళ్లొద్దు.

ఇంటికి రాగానే బ్యాటరీ తీసి, మూతలు తెరిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. షాఫ్ట్ గొట్టంలో గ్రీజు తగ్గితే నింపండి. లోపల చెంచాడు నీళ్లు కనిపించినా ఎక్కడ నుంచి వచ్చాయో పిల్లలే వెతకాలి. అడుగంతా టిష్యూ పేపర్ ముక్కలు పరిచి, బోటుని మళ్లీ టబ్‌లో పదిహేను నిమిషాలు ఉంచమనండి. ఏ ముక్క ముందు తడుస్తుందో కారేది అక్కడే.